చిన్నమ్మ వెతికిపెట్టిన నంబరు

చిన్నమ్మ పోయిన సంగతి తమ్ముడే ఫోన్ చేసి చెప్పాడు. "చిన్నమ్మ పోయిందక్కా, తెల్లారి ఐదింటికి," అన్నాడు. నేను "రామా" అనుకునేలోపే, "నాయన కాగితాల ఫైలు ఆమె దగ్గరే ఉండాల. ఎవరి చేతిలోనన్నా పడకముందే తీసి పక్కన పెట్టు," అన్నాడు. రెండు మాటల మధ్య ఊపిరి కూడా తీసుకోలేదు. ఈ వయసుకు చావు కబుర్లు చాలా విన్నాను. ఇంత పొదుపైనది వినలేదు.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. మునిసిపల్ ఆఫీసు రికార్డుల గదిలో ఉద్యోగం చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "ఇంటికొచ్చి ఆయన కాగితాలు గూడా నేనే సర్దాల. ఎందుకొచ్చిన పీడ," అనేది.

ఆమెకు మనుషుల మీద పెద్ద గౌరవం లేదు. చదవకుండా సంతకం పెట్టేవాళ్లంటే అసలు లేదు. పాత షేరు కాగితాలు, బాండ్లు పట్టుకుని మార్కాపురంలో ఆమె ఇంటికి చాలామంది వచ్చేవాళ్లు. తెచ్చిన కాగితాన్ని వాళ్ల చేతే పైనుంచి కింది దాకా చదివించేది. చదివినవాళ్లకే కాఫీ. చదవనివాళ్లకు మంచినీళ్లు.

ఒకసారి పాలవ్యాపారి ఒకాయన షేరు కాగితం మీద కంపెనీ తన ఖాతాకు వేసిన ఫోలియో నంబరు చూపించి, "ఇదే గదమ్మా బ్యాంకోళ్లు అడిగే నంబరు?" అన్నాడు.

"అది నీ బర్రెకు నువ్వు కట్టిన పలుపు నాయనా. ఏ జాతి బర్రె అని వాళ్లడిగితే పలుపు చూపిస్తావేంది?" అంది చిన్నమ్మ.

బ్యాంకువాళ్లు అడిగేది ఐసిన్ నంబరు. అక్షరాలు, అంకెలు కలిపి పన్నెండు ఉంటాయి. ఒక కంపెనీ షేరుకు గానీ, ఒక నగరం అమ్మిన ఒక రకం బాండుకు గానీ ప్రపంచం మొత్తంలో ఒకటే నంబరు. పాత కాగితాల మీద అది ఉండదు. వెతుక్కోవాలి. ఈ ముక్క మాకు తెలిసింది నాయన పోయాకే.

నాయన పలకల కంపెనీలో గుమాస్తా. ఎవరి మాట విన్నాడో, ఎక్కడో దూరపు నగరం తాగునీళ్ల కోసం అమ్మిన బాండు ఒకటి, రెండు కంపెనీల షేర్లు కొని పెట్టెలో పెట్టాడు. అమ్మ పోయాక, చివరి నాలుగేళ్లు ఆయన్ని చూసుకున్నది మా చెల్లెలు. పగలు పలకలకు చట్రాలు బిగించే పనికి పోయేది, వచ్చి ఆయనకు అన్నం కలిపి పెట్టేది. పంపకాలప్పుడు ఇల్లూ పొలమూ తమ్ముడు రాయించుకున్నాడు. నాకేమీ వద్దన్నాను.

"ఆ చిల్లర కాగితాలు దానికియ్యండి. ఏడవకుండా ఉంటది," అన్నాడు తమ్ముడు. పెద్దమనుషులు నవ్వారు. నేను కళ్లు మూసుకుని ధ్యానం చేసుకుంటున్నాను. ధ్యానానికి అంత అనువైన సమయం నాకు మళ్లీ దొరకలేదు.

చిన్నమ్మ ఒక్కతే, "అట్లనే రాయి నాయనా. చిల్లర కాగితాలన్నీ చెల్లెలివే, నాకు హక్కు లేదు అని నీ చేత్తోనే రాయి," అంది. నవ్వుతూనే రాశాడు. సంతకం కూడా పెట్టాడు.

చెల్లెలికి అప్పటికే దగ్గు. పలకల దుమ్ములో పనిచేస్తే ఊపిరితిత్తులు దక్కవని డాక్టరు చెప్పాడు. "మానేస్తే తినేదేంది?" అని అది నన్నే అడిగింది. ఆ కాగితాల్లో ఏమన్నా ఉంటే మానేయగలదు. లేకపోతే లేదు.

కాగితాలు చూడగానే చిన్నమ్మ నా మీద మండిపడింది. నాయన ఉన్నన్నాళ్లూ ప్రతి శుక్రవారం వాటిని దేవుడి దగ్గర పెట్టి పసుపు కుంకుమ బొట్లు పెట్టింది నేనే. బాండు మీద వడ్డీ ఎంతో, గడువు ఎప్పటికో రాసి ఉన్నచోట పసుపు ముద్ద కట్టింది.

"దేవుడికి పూజ చెయ్యి. నువ్వు చదవాల్సిన కాగితానికి చెయ్యమాక," అంది.

మిద్దె మీదికి తీసుకుపోయి, కాగితాన్ని వెనక నుంచి ఎండకు పట్టి, తిరగబడిన అంకెలను ఒక్కొక్కటే కూడబలుక్కుంది. ఆ నగరం ఆ ఏడు నాలుగు రకాల బాండ్లు అమ్మింది. వడ్డీ, గడువు రెండూ కలిస్తేనే మనది.

"ఊరు ఒకటే గదా, ఏదో ఒక నంబరు వెయ్యి చిన్నమ్మా," అన్నాను.

"నువ్వూ నీ తమ్ముడూ ఒక కడుపున పుట్టలా? ఒకటే నంబరు వెయ్యమంటావా?" అంది. మళ్లీ తనే, "వెయ్యొచ్చులే. పెద్ద తేడా ఏముంది," అంది.

కంపెనీల్లో ఒకటి రెండుసార్లు పేరు మార్చుకుంది. రెండోది ఇంకోదాంట్లో కలిసిపోయింది. ఒక ఆఫీసువాళ్లు అలాంటిదే లేదన్నారు, ఇంకొకరు ఉత్తరానికి జవాబే ఇవ్వలేదు. "తెలీదని చెప్పడానికి గూడా చదువుండాల," అంటూ మళ్లీ రాసేది. ఎనిమిది నెలలకు మూడు నంబర్లూ దొరికాయి. షేర్లు కొత్త పేర్లతో బతికే ఉన్నాయి. బాండు గడువు తీరినా దాని సొమ్ము అడిగేవాళ్ల కోసం పడి ఉంది.

అది చెల్లెలికి చేరాలంటే మిగతా వారసులం, అంటే తమ్ముడూ నేనూ, అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. తమ్ముడికి అప్పుడు ధర్మం గుర్తొచ్చింది. "ఆ పొద్దు విలువ తెలీదు గదక్కా. ఇప్పుడది ఉమ్మడి ఆస్తి," అన్నాడు.

చిన్నమ్మ బస్సెక్కి గిద్దలూరులో వాడి ఎరువుల దుకాణానికి పోయింది. బేరానికి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, "మీ సేటు రాసిందే, వినండి," అని పంపకాల కాగితం చదివి వినిపించింది. రేపు పెడతానన్నాడు. ఆ రేపు రాలేదు.

నేనూ పెట్టలేదు. ముందు వాళ్లిద్దరూ కలవనీ, తర్వాత పెడతానన్నాను. ఇంట్లో శాంతి ముఖ్యమన్నాను.

చిన్నమ్మ నా వైపు తిరిగింది. "రోజూ రెండు గంటలు దేవుడి ముందర కూర్చుంటావు. ఆ పిల్ల దగ్గు వినపడేంత నిశ్శబ్దం ఒక్కరోజన్నా దొరకలేదా నీకు?"

అప్పుడే సంతకం పెట్టాను. ఆ రోజు నాకు కాఫీ ఇవ్వలేదు.

తమ్ముడి సంతకం కోసం తిరుగుతుండగానే ఆమె పోయింది.

పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర తమ్ముడు పదిమందిలో నిలబడి మాట్లాడాడు. చిన్నమ్మ తనకు అమ్మతో సమానమన్నాడు. ఆమె మాట ఏనాడూ జవదాటలేదన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. పక్కన తువ్వాలు పట్టుకుని వాడి భార్య నిలబడింది. ఏర్పాట్లన్నీ బాగున్నాయి.

వాడు విస్తరి ముందు కూర్చోగానే ఫైలు తీసుకెళ్లి పక్కన పెట్టాను.

"ఇప్పుడాక్కా?"

"ఇప్పుడే. అమ్మతో సమానమన్నావు గదా."

"పెన్ను లేదు."

ఇచ్చాను. పంక్తిలో అందరూ చేతులాపి చూస్తున్నారు. పెట్టాడు. వడ్డించేవాణ్ని పిలిచి వాడికి పప్పు వేయించాను.

మరునాడు సంతకాలైన కాగితాలు కవర్లో పెట్టి, చెల్లెల్ని పోస్టాఫీసుకు తీసుకుపోయాను. కవరు తూకం వేసి, రసీదు దాని చేతికిచ్చారు. బయటికొచ్చి మెట్ల మీద ఎండలో ఆగింది. రసీదు మీది నంబరును వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదవడం మొదలుపెట్టింది. సగంలో దగ్గు తెర వచ్చింది. తగ్గేదాకా ఆగి, మళ్లీ మొదటి అక్షరం మీద వేలు పెట్టింది. జనం దాన్ని తప్పుకుని ఎక్కుతున్నారు, దిగుతున్నారు.