సింహాద్రి పద్ధతిలో రాజమ్మ విచారణ

కరోనాకు ముందటి ఏడాది, తమిళుల ఆడి నెల మొదట్లో, నన్ను వేలూరు నుంచి గుడియాత్తంలోని ఒక శాఖా గ్రంథాలయానికి బదిలీ చేశారు. నేను రెండో శ్రేణి గ్రంథపాలకుణ్ణి. పదవీ విరమణ కూడా అక్కడే చేశాను.

చాలాకాలంగా ఎవరూ తీసుకెళ్లని పుస్తకాలను అర నుంచి తీసి గిడ్డంగికి పంపాలని మా నియమం. పుస్తకం చివర అంటించిన గడువు చీటీ మీద తేదీ ముద్రలు చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. తెలుగు అరలో కొత్త ముద్రలున్నవి ఒక్క వరుసే, డిటెక్టివ్ సింహాద్రి నవలలు. సింహాద్రి ఎవరినీ నమ్మడు, సిగరెట్టు ఆర్పడు, దెబ్బలు తింటేగాని నిజం తెలుసుకోడు. ఆ వరుసంతా తీసుకెళ్తున్నది ఒక్క మనిషి, రాజమ్మ.

ఆమె వీధిలో ఆడవాళ్లు ఒక తిన్నె మీద చేరి బీడీలు చుడతారు. అందరిదీ ఇంట్లో తెలుగే. బడిలో చదివింది తమిళం కాబట్టి తెలుగు అక్షరాలు రావు. చిత్తూరు వైపు చదువుకున్న రాజమ్మకు వచ్చు. ఆమె వేళ్ల కీళ్లు పట్టేసి చుట్టడం మానుకుంది. వాళ్లు చుడుతుంటే ఆమె నవల పైకి చదువుతుంది, సాయంత్రం ఒక్కొక్కరు ఒక బీడీల కట్ట ఆమె చేటలో వేస్తారు. ఆమెకు బతుకుతెరువు అదే.

ఒక మధ్యాహ్నం నలుగురు ఆడవాళ్లు రాజమ్మను వెంటబెట్టుకొచ్చారు. వాళ్లలో పెద్దదైన కుప్పమ్మ నా బల్ల మీద రెండు పుస్తకాలు పెట్టింది. మొదటి దాని చివర సింహాద్రి, హోటల్లో పాడే రోహిణిని పెళ్లి చేసుకున్నాడని రాజమ్మ చదివిందట. తర్వాతి భాగం ముందుగా చూసుకోకుండా పైకి చదవడం మొదలుపెడితే, సింహాద్రి జైలుకెళ్లి రోహిణిని చూసినట్టు మొదటి పేజీలోనే వచ్చేసింది.

"సాక్షిని రెండు తూర్లు అడగల్ల, మాట మారితే అబద్ధమని సింహాద్రే చెప్పినాడు గదా సార్," అంది కుప్పమ్మ. "ఆ పెండ్లి కత రెండు తూర్లు సదివించినాము. ఒక తూరి గుళ్లో పెండ్లంట, ఇంగో తూరి రిజిస్టరాఫీసంట!"

"ఆ పిల్లంటే మీకు ప్రాణం. ఏడుస్తారని మార్చినాను," అంది రాజమ్మ.

"నిజం తెలిసినాకనే నీ చేటలో కట్ట పడేది," అని కుప్పమ్మ మొదటి పుస్తకం నా చేతికిచ్చింది. " నువ్వు సదువు నాయనా."

చదువుకునే గదిలో మాట్లాడకూడదు కాబట్టి వాళ్లను వరండాలోకి తీసుకెళ్లి చివరి అధ్యాయం చదివాను. సింహాద్రి స్నేహితుణ్ణి చంపింది రోహిణే. సింహాద్రికి ఆమె మీద మనసుంది. ఆమె ఏడుస్తుండగానే అతను టెలిఫోన్ అందుకుంటాడు. పోలీసు జీపు వెళ్లిపోయాక చల్లారిన కాఫీ తాగి దీపం ఆర్పేస్తాడు. అంతే.

"ప్రేమించినాడు. అయినా పట్టిచ్చినాడు," అని కుప్పమ్మ తనలో తను అనుకుని రాజమ్మ వైపు తిరిగింది. "ఇంత బాగుండాదే! దీన్నా మా కాడ దాచినావు? మేమేమన్నా పాలు తాగే బిడ్డలమా?"

"ఇంకేం మార్చినావక్కా?" అంది వాళ్లలో చిన్నదైన సెల్వి. "సింహాద్రి తమ్ముడు దుబాయికి పోయినాడంటివే, నిజమేనా?"

"సచ్చిపోయినాడు," అంది రాజమ్మ చిన్నగా.

"అయ్యో పాపాత్మురాలా! పోయిన పొంగల్ నుంచి ఆయప్ప ఎప్పుడొస్తాడా అని సూస్తా ఉండాము గదే!" అంది సెల్వి. అందరూ నవ్వారు, చివరికి రాజమ్మ కూడా.

కుప్పమ్మ తీర్పు చెప్పింది. కట్టలు మామూలుగానే వేస్తారు. కానీ రాజమ్మ మొదటి భాగం నుంచి అన్నీ మళ్లీ చదవాలి, చదివే పంక్తి కింద వేలు పెట్టి. "మాకు అచ్చరాలు తెలీవు. వేలు నిలిచి నోరు నడిస్తే తెలుస్తాది."

ఒక సభ్యత్వానికి ఒకసారి రెండు పుస్తకాలే ఇస్తాం. అందుకని నలుగురినీ సభ్యులుగా చేర్చుకున్నాను. సంతకాలు తమిళంలో చేశారు. నేనున్నన్నాళ్లూ ఆ వరుస గిడ్డంగికి పోలేదు.

పాఠకుల చదువు, వయసు చూసి తగిన పుస్తకం ఎంచి ఇవ్వాలని మాకు శిక్షణలో చెప్పేవారు. కుప్పమ్మ వచ్చి వెళ్లాక, ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అడిగిన పుస్తకమే ఇచ్చాను. దాని ముగింపును ఎవరు తట్టుకోగలరో, ఎవరు తట్టుకోలేరో ముందే తేల్చడం గ్రంథపాలకుడి పని కాదు.