రూతమ్మగారు చెరపని సందేశం

విజయనగరం దాటగానే వాన అందుకుంది. ప్యాసింజరు బండిలో అందరూ కిటికీలు దించేశారు. నా పక్కనున్నది మాత్రం బిగుసుకుపోయి సగంలో ఆగింది. గరివిడి దగ్గర పడేసరికి ఆ సందులోంచి ఒక వాసన లోపలికి వచ్చింది. కాలిన రాయి మీద నీళ్లు పోసినట్టు, అందులో కొంచెం తుప్పు, కొంచెం గంధకం కలిసినట్టు ఉంటుంది ఆ వాసన. ఫ్యాక్టరీ ఫర్నేసుల్లోంచి తీసి బయట గుట్టలుగా పోసిన స్లాగ్ చిట్టెం మీద వాన పడితే అలాగే వస్తుంది. ఎదుటి సీట్లో పెద్దాయన తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. నేను ఆమదాలవలసలో దిగేదాకా రూతమ్మగారి గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆవిడ పోయి చాన్నాళ్లయింది. ఆవిడను ఎరగనివాళ్లకు ఆవిడ సంగతి చెప్పాలని ఎప్పటినుంచో ఉంది.

గరివిడి అవతల రోడ్డు పక్కన ఉక్కులో కలిపే లోహాలు కరిగించే చిన్న ఫెర్రో ఎల్లాయ్స్ యూనిట్ ఒకటి, రెండు ఫర్నేసులతో ఉండేది. డిగ్రీ అయ్యాక నా మొదటి ఉద్యోగం అక్కడ పనివాళ్ల వ్యవహారాలు చూసే పర్సనెల్ ఆఫీసులో. ఆఫీసంటే ఒక గది, రెండు బల్లలు, ఒక ఆఫీసరు. ఆ ఆఫీసరే రూతమ్మగారు. బాప్టిస్టు మిషన్ బళ్లో పంతులమ్మగా చేసినావిడ కూతురు. ఇంగ్లీషు చక్కగా రాసేవారు, తెలుగు మాత్రం ఊరి తెలుగే. నేత చీర కింద సేఫ్టీ బూట్లు తొడుక్కుని రోజూ పొద్దున్నే ఫర్నేసు దాకా నడిచి వెళ్లి వచ్చేవారు. మేనేజర్లు నవ్వుకునేవాళ్లు. కూలీలు మాత్రం ఆవిడ వచ్చే వేళకు బీడీలు ఆర్పేసేవాళ్లు.

చేరిన కొత్తలో, చెప్పకుండా పని మానేసిన ఒకతనికి హెచ్చరిక కాగితం రాయమన్నారు. పాత ఫైళ్లు చూసి మంచి కరకు ఇంగ్లీషులో రాసి, దాని తెలుగు కూడా జతచేసి తీసుకెళ్లాను. చదివి నా ముందుకు తోశారు.

"ఇది ఆడింట్లో ఎవులు సదువుతారు, సరళా?"

నాకు తెలియదన్నాను.

"ఆడికి సదువు రాదు. ఆరో తరగతి సదివే కూతురుంది. ఆ పిల్ల సదివి తండ్రికి ఇనిపిస్తాది. ఇప్పుడు మళ్లీ రాయి."

మళ్లీ రాశాను. విషయం ఏమీ మారలేదు, హెచ్చరిక హెచ్చరికగానే ఉంది. కానీ ఒక పిల్ల నోట వినదగ్గ మాటలు మాత్రమే మిగిలాయి. పర్సనెల్ ఆఫీసు పని నేను నేర్చుకోవడం అక్కడ మొదలైంది.

కరెంటు చార్జీలు పెరిగి, సరుకు ధర పడిపోయి, కొన్నాళ్లకు యూనిట్ మూతపడింది. ముందు ఒక ఫర్నేసు చల్లబడింది, తరవాత రెండోది. గేటుకు తాళం పడ్డాక మనుషులు రూతమ్మగారి ఇంటికి రావడం మొదలుపెట్టారు. వరండాలో చెప్పులు విడిచి, "అమ్మా, ఏటైనా సూడమ్మా" అని నిలబడేవాళ్లు. అప్పుడే నేను ఆవిడకు ఫోన్లో ఒక సైటులో ఖాతా తెరిచి పెట్టాను. ఉద్యోగస్తులు తమ చదువూ అనుభవమూ పెట్టుకుని ఒకరికొకరు పరిచయమయ్యే సైటు అది. ఈ వయసులో నాకెందుకన్నారు మొదట. రాయ్‌పూర్‌లోనూ ఒడిశాలోనూ ఉన్న ఫర్నేసుల మేనేజర్ల పేర్లు అందులో కనబడగానే కళ్లద్దాలు తుడుచుకుని కూర్చున్నారు.

అందరికీ ఒకే సందేశం పంపేయవచ్చని చూపించాను. ఒప్పుకోలేదు. ఒక్కొక్క మనిషి గురించి ఒక్కొక్క సందేశం విడిగా రాసేవారు. ఇతను క్రేన్ నడుపుతాడు, తాగడు. ఇతను కొంచెం కోపిష్టి, పని మాత్రం ఖాయంగా చేస్తాడు. జవాబులు వచ్చేవి, రానివి ఎక్కువ. అయినా ఒక్కొక్కరే కదిలారు. ఎవరో ఒకరు రైలెక్కిన రోజు ఆవిడ ముఖం విప్పారేది.

పైడిరాజు ఆఖరి వరసలో వచ్చాడు. ముడిసరుకు యార్డులో క్రషర్ దగ్గర పని చేసేవాడు. రాళ్లు పగలగొట్టడం తప్ప ఫర్నేసు పని ఎరగడు. అతని భార్య గౌరికి అప్పుడు నెలలు నిండుతున్నాయి. ఖాళీ ఒక్క చోటే ఉంది. పొరుగు రాష్ట్రంలోని ఒక ఫ్యాక్టరీలో, ట్యాపింగ్ దగ్గర. ట్యాపింగ్ అంటే ఫర్నేసు మూతి తెరిచి కరిగిన లోహాన్ని బయటికి వదలడం. ఫర్నేసు పనుల్లో దాన్ని మించిన గండం లేదు.

"నువ్వు ఆ పని ఎప్పుడూ సెయ్యలేదు కదరా" అన్నారు రూతమ్మగారు.

"నేర్సుకుంటానమ్మా. ఏ పనైనా సేస్తాను. ఊరికే కూకోలేకపోతన్నాను."

ఆవిడ లోపలికి వెళ్లి అక్కడి మేనేజరుతో ఫోన్లో చాలాసేపు మాట్లాడారు. బయటికి వచ్చి, "కొత్తోళ్లకి నేర్పుతారట" అని మాత్రం అన్నారు. తరవాత ఫోను తీసుకుని సందేశం రాశారు. ఏమి రాశారో నేను చూడలేదు. పైడిరాజు ఆవిడ కాళ్లకు దండం పెట్టబోతే కసిరి పంపేశారు.

పాప పుట్టినప్పుడు అతను వచ్చి చూసి వెళ్లాడు. ఆ తరవాత వచ్చింది కబురే. తడి ఆరని అచ్చులో లోహం వదిలారట. కరిగిన లోహానికి తడి తగిలితే బాంబులా పేలుతుంది. ముందు నిలబడ్డది పైడిరాజు. శవాన్ని అంబులెన్సులో తెచ్చారు. బట్ట విప్పవద్దని వెంట వచ్చినవాళ్లు చెప్పారు. గౌరి విప్పమని అడగలేదు. గుడ్డకు పైనుంచే చేయి ఆనించి, చాలాసేపు తీయకుండా అలాగే ఉంచింది.

మైల తీరాక గౌరి తన అన్నతో కలిసి రూతమ్మగారి ఇంటికి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. పాప ఒళ్లో నిద్రపోతోంది. పరిహారం అడగడానికి వెళితే ఫ్యాక్టరీ మనిషి ఒక మాట అన్నాడట. మీ ఆయన ట్యాపింగ్ పని వచ్చని అబద్ధం చెప్పి చేరాడు, పని తెలియక ముందుకు వెళ్లి నిలబడ్డాడు, ఇది అతను చేతులారా తెచ్చుకున్నది, మాకు సంబంధం లేదు, అని.

"మా ఆయన అబద్దం ఆడినాడా అమ్మా?" అని అడిగింది గౌరి. "ఆడికి అబద్దం ఆడటం రాదు. మీకు తెలుసు కదా. మీరు సెప్పండి."

"నేను పంపింది ఓసారి సూసుకుని, నేనే మీ ఇంటికొచ్చి సెప్తానమ్మా" అన్నారు రూతమ్మగారు.

వాళ్లు వెళ్లాక ఫోను నా చేతికిచ్చారు. "ఇందులో పంపినవి ఏవి? ఈమెయిల్లో ఉన్నట్టు పంపినవాటికి అర లేదేటి?" నిజమే, ఆ సైటులో పంపినవి వేరే చోట ఉండవు. ఎవరితో మాట్లాడామో వాళ్ల పేరు కిందే వచ్చినదీ పంపినదీ కలిసి ఉంటాయి. పైగా జాబితా పెరిగిపోయిందని పాత సంభాషణలను నేనే పక్కన దాచిపెట్టాను. మేనేజరు పేరు కొట్టి వెతికితే దొరికింది. తెరిచాను. ఆవిడ చదవమన్నారు. ఇంగ్లీషులో రెండు వాక్యాలు. పైడిరాజు నమ్మకమైన మనిషి అన్నది మొదటిది. ట్యాపింగులో మూడేళ్ల అనుభవం ఉంది అన్నది రెండోది.

గదిలో ముగ్గురం ఉన్నాం. ఆవిడ భర్త డేవిడ్‌గారు కుర్చీలోంచి లేచి వచ్చి చూశారు. చాలా నెమ్మదైన మనిషి ఆయన. "తీసేయి, రూతూ" అన్నారు. "మంచి సెయ్యబోయి రాసినావు. ఇప్పుడిది బయటపడితే నిన్ను బతకనియ్యరు."

తీసేస్తే మన దగ్గర మాత్రమే పోతుందని, అవతలి మనిషి దగ్గర ఉండిపోతుందని చెప్పాను.

"ఆయనా బయటపెట్టడు" అన్నారు డేవిడ్‌గారు. "కొత్తోళ్లకి నేర్పుతామని ఫోన్లో అన్నది ఆయనే కదా. తనకీ సిక్కే."

రూతమ్మగారు ఫోను వెనక్కి తీసుకున్నారు. "ఫోన్లో అన్నది గాల్లో పోయింది. నేను రాసింది ఉన్నాది. ఇది తీసేస్తే అబద్దం పైడిరాజు మీద ఉండిపోతాది. సచ్చినోడు వచ్చి కాదని సెప్పలేడు." నా వైపు తిరిగారు. "దీన్ని కాయితం మీదకి తియ్యి, సరళా. పేరూ తేదీ కనపడాలి."

మర్నాడు పొద్దున్న ఇద్దరం గౌరి ఊరికి ఆటోలో వెళ్లాం. గౌరి వాకిట్లో చాప వేసింది, చెంబుతో నీళ్లు తెచ్చింది. రూతమ్మగారు కూర్చోలేదు.

"మీ ఆయన అబద్దం ఆడలేదమ్మా. ఆ మాట నేను రాసినాను. ఏటి రాసినానో ఆడికి తెలీదు."

గౌరికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక పాపను భుజం మార్చుకుంది.

"మరెందుకు రాసినారు?"

"ఉద్యోగం వస్తాదని."

"పని రాదని రాస్తే ఉద్యోగం రాదు, అంతే కదా?" అంది గౌరి. "రాకపోతే ఇంటికాడే ఉండును. కలో గంజో తాగుదుము."

రూతమ్మగారు తలూపారు. క్షమించమని అడుగుతారనుకున్నాను. అడగలేదు. తెచ్చిన కాగితం గౌరి అన్న చేతికిచ్చి, ఎవరికి చూపించాలో చెప్పి, తానూ వచ్చి సంతకం పెడతానన్నారు. గౌరి చెంబులో నీళ్లు జామచెట్టు మొదట్లో పారబోసి లోపలికి వెళ్లిపోయింది. తిరుగు దారిలో, అప్పుడెందుకు క్షమాపణ అడగలేదని అడిగాను. "అడిగితే ఆ పిల్ల ఏదో ఒకటి సెప్పాలి. ఇంత బరువులో ఆ బరువు కూడానా?" అన్నారు.

లేబర్ ఆఫీసులో ఆవిడ రాతపూర్వకంగా చెప్పారు. అనుభవం సంగతి రాసింది తానేనని, పైడిరాజుకు ఆ మాట తెలియదని, కొత్తవాళ్లకు నేర్పుతామని అక్కడివాళ్లు ఫోన్లో అన్నారని, దానికి తన దగ్గర రుజువు లేదని. అబద్ధం చెప్పి చేరాడన్న వాదన నిలవలేదు. నేర్పకుండా, తడి చూసుకోకుండా మనిషిని ముందు నిలబెట్టినవాళ్లదే బాధ్యత అని లేబర్ ఆఫీసువాళ్లు తేల్చారు. చాలా తిరిగాక గౌరికి పరిహారం వచ్చింది. మేనేజరు మాత్రం మరో ఫ్యాక్టరీకి మారిపోయాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. రూతమ్మగారు పంపిన సందేశాలన్నీ మొదటినుంచి తిరగేశారు. నేను దాచిపెట్టిన సంభాషణలన్నీ మళ్లీ పైకి తెప్పించారు. ఎవరి గురించి ఏ మాట పెంచి రాశారో వెతికి, అటువంటివి దొరికినచోట అవతలివాళ్లకు మళ్లీ రాశారు: ఇతనికి ఈ పని పూర్తిగా రాదు, నేర్పించి పెట్టండి. కొందరు నేర్పించారు. కొందరు పని తీసేశారు. ఒడిశా నుంచి తిరిగొచ్చిన ఒకతను వరండా ముందు నిలబడి అరిచాడు.

"మా కూడు తీసేసినావు కదమ్మా! నువ్వే పెట్టినావు, నువ్వే లాగేసినావు! ఆడెవడో సచ్చిపోతే నాకేటి?"

ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. అప్పటికి విజయనగరంలో మనుషుల్ని పనుల్లో పెట్టే ఒక ఆఫీసులో మేమిద్దరం చేరి ఉన్నాం. సంగతి తెలిసి వాళ్లు ఆవిడను మానిపించారు. కంపెనీలవాళ్లు ఆవిడ సందేశాలకు జవాబివ్వడం మానేశారు. పని కావలసినవాళ్లూ రావడం మానేశారు. వరండా ఖాళీ అయింది. ఒకసారి వెళితే ఆవిడ ఫోను పట్టుకుని ఆ పేర్లన్నీ పైకీ కిందకీ జరుపుతూ కూర్చుని ఉన్నారు. "ఎంతమంది వెళ్లి బాగున్నారో సూడు, సరళా" అంటారేమో అనుకున్నాను. అనలేదు. నన్ను చూసి ఫోను బోర్లా పెట్టేశారు.

గుండె జబ్బుతో పోయారు. సమాధుల దొడ్డికి వచ్చినవాళ్లు తక్కువ. అరిచి వెళ్లినతను వచ్చాడు, వెనక నిలబడి మట్టి వేసి వెళ్లాడు. గౌరి రాలేదు. వస్తుందని నేను దారి వైపు చూస్తూనే ఉన్నాను. రాకపోవడమే న్యాయమని ఇప్పుడు అనిపిస్తుంది.

ఇప్పుడు ఆ విజయనగరం ఆఫీసులో సిఫారసు సందేశాలు రాసేది నేను. ప్రతి మనిషికీ ఏమి వచ్చో రాశాక, ఏమి రాదో ఒక వాక్యం రాస్తాను. మా ఆఫీసువాళ్లకు అది నచ్చదు. మొన్న నరసన్నపేట వైపు కుర్రాడొకడి గురించి, వెల్డింగు బాగా చేస్తాడు, ఎత్తు మీద ఎక్కి ఎప్పుడూ చేయలేదు అని రాశాను. కంపెనీవాళ్లు అతన్ని వద్దన్నారు. కుర్రాడు ఫోను చేశాడు.

"ఆ ఒక్క ముక్క రాయకపోతే మీ సొమ్మేటి పోయేదమ్మా? ఇంట్లో పొయ్యి ఎలగట్లేదు ఇక్కడ."

పైడిరాజు సంగతి చెప్పవచ్చు. కానీ ఆకలితో ఉన్నవాడికి చచ్చిపోయినవాడి కథ చెప్పడానికి నోరు రాలేదు. అతను తిట్టడం అయ్యేదాకా విన్నాను. తరవాత నేల మీద చేసే వెల్డింగు పని ఎక్కడుందో వెతుకుతూ కూర్చున్నాను. ఇంకా దొరకలేదు.