గడప మీద ఆగిపోయిన పిల్ల

మా పక్కింటి పెద్దమ్మ పోయింది. ఈ మాట రాయడానికే ఒక కాగితం పాడైంది, ఇది రెండోది. నా అక్షరాలు వంకరగా ఉంటాయి, ఒత్తులు ఎక్కడ పెట్టాలో సరిగ్గా తెలియదు. ఏడో తరగతి మధ్యలోనే బడి మానేశాను. క్షమించి చదవండి. ఆమె జ్ఞాపకంగా వేసే పుస్తకానికి తెలిసినవాళ్లందరూ రాయాలని ఆమె అక్క కొడుకు కబురు పెట్టాడు. అందరూ అంటే నేను కూడానా అని మా ఆయనతో ఇంకోసారి అడిగించాను.

ఆ పొద్దున నేను బియ్యం కడుగుతున్నాను. మా అత్తమ్మ నీళ్ల బిందెతో వచ్చి, దాన్ని దించకుండానే చెప్పింది. "పిల్లా, మీ రైటరమ్మ పోయిందట. దవాఖానల్నే." కడిగిన బియ్యాన్ని మళ్లీ కడిగాను. ఇంకా కడుగుతూనే ఉంటే అత్తమ్మే గిన్నె తీసుకుంది.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. కాజీపేటలో మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ, అంతే. హసన్‌పర్తిలో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేసి రిటైరైంది. ఒంటరి మనిషి. కథలు రాసేది. పెళ్లై వచ్చిన కొత్తలో నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. ఒకరోజు ఆమె గోడ మీద మోచేతులు ఆనించి, "బిడ్డా, ఆ రైలు కూత నీకు ఏడుపు లెక్క ఇనవడ్తదా, నవ్వు లెక్కనా?" అని అడిగింది. అలాంటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. అసలు ప్రశ్నే ఎవరూ అడగలేదు. "దగ్గు లెక్క" అన్నాను. పడీ పడీ నవ్వి, "ఇది నాకియ్యి, రాస్కుంట" అంది.

ఆమె చేత్తోనే రాసేది. నచ్చని కాగితాలు నీళ్ల పొయ్యిలో పెట్టేది. గోడ అవతల పొగ లేచిందంటే ఆ రోజు పని నడిచిందన్నమాట. "ఇయ్యాల మంచిగ రాసినవా పెద్దమ్మా?" అంటే, "మంచిగ రాస్తే నీళ్లేడ కాగుతయే? చన్నీళ్ల తానమే" అనేది.

సాయంత్రం నేను దండెం మీది బట్టలు తీసే వేళకు వచ్చి నిలబడేది. ఏం రాస్తోంది, ఏం చదువుతోంది, ఫోనులో ఏం దొరికింది, అన్నీ నాకే చెప్పేది. ఏదో మంచు దేశం నవల ఒకటి చదువుతూ రోజూ తిట్టేది. "ఇంత లావు పుస్తకం బిడ్డా, ముసలాయన పడవకు రంగేసుడే. ఒక్కసారన్న నీళ్లల్ల దింపద్దా?" మర్నాడు మళ్లీ అదే పుస్తకం చేతిలో ఉండేది. "మూసెయ్య మనసొస్తలేదు" అనేది.

ఫోనులో ఆమెకు ఎవరో దూరదేశపాయన దొరికాడు. పాత తలుపుల చప్పుళ్లు రికార్డు చేసి నెట్‌లో పెడతాడట. కళ్లు మూసుకుని వినేది. "ఇది కోపంతోని మూసిన తలుపు. ఇది దొంగచాటుగ తీసిన తలుపు. మీ ఇంటిది గూడ పంపుదామా?" మా అత్తమ్మ లోపలి నుంచి, "నూనె పోస్తే చప్పుడే ఉండది, దానికి రికార్డా!" అంది. నాకు ఫోను లేదు కాబట్టి అవన్నీ మా ఆయన ఫోనుకు పంపేది. ఆయన డ్యూటీ దిగి వచ్చి, "మీ పెద్దమ్మ తలుపులు పంపింది, ఇను" అని నవ్వుతూ ఇచ్చేవాడు.

చివరగా రాస్తున్నది నవల. రైల్వే క్వార్టర్‌లోకి కాపురానికొచ్చిన పిల్ల కథ. ఇంట్లో అందరూ ఆమె గురించి మాట్లాడుకుంటారు, ఆమెతో మాట్లాడరు. ఒకరోజు ఆ పిల్లను స్టేషన్ ఘన్‌పూర్‌లో ఆడబిడ్డ ఇంట్లో పని చేసిపెట్టడానికి పంపాలని అనుకుంటుంటే, చాయ్ గ్లాసుల పళ్లెంతో గడప మీద ఆగుతుంది. అక్కడ పెద్దమ్మ కూడా ఆగిపోయింది. రోజూ పొగ లేచేది.

"పిల్ల గడప దాటుతలేదు. నోరు తెరుస్తది, నేను పెట్టిన మాట ఉమ్మేస్తది. నువ్వు చెప్పు, ఏమంటది?"

"నాకేం తెలుస్తది పెద్దమ్మా."

"నీకు తెల్వకుంటే ఇంకెవలకు తెలుస్తది?"

"ఏమంటది? సల్లారుతాంది, చాయ్ తాగుండ్రి అంటది!" అని అత్తమ్మ అరిచింది. పెద్దమ్మ అది కూడా రాసుకుంది.

ఆ తర్వాత ఆమెకు ఊపిరి ఆడలేదు. దవాఖానలో చేర్చారు. చూడడానికి మా ఆయన నన్ను బండి మీద తీసుకెళ్తుంటే, నాకు తోచిన ఆ పిల్ల మాటే దారంతా లోపల అనుకుంటూ వెళ్లాను. మంచం చుట్టూ బంధువులున్నారు. సిగ్గేసినా ఆమె చెవి దగ్గరికి వంగి, "ఆ పిల్ల మాట దొరికింది పెద్దమ్మా. నన్ను గూడ ఒక్కసారి అడుగుండ్రి, అంటది" అన్నాను.

ఆమె మాస్కు పక్కకు జరిపింది. "గంతే అంటది. రాస్త బిడ్డా, జర ఊపిరి రానియ్యి." మాస్కు పెట్టుకుని, మళ్లీ తీసి అడిగింది. "అన్నంక పళ్లెం కింద పెడ్తదా, పట్టుకునే ఉంటదా?"

"పట్టుకునే ఉంటది."

"మంచిది" అంది. మా ఇద్దరి మధ్య అదే ఆఖరి మాట.

అక్క కొడుకు ఆ నవల కాగితాలన్నీ చూశాడు. చివరి అధ్యాయం లేదు, అచ్చు వేయలేం అన్నాడు. మా ఆయనతో ఆ పిల్ల మాట చెప్పి పంపాను. "ఒక్క మాటతోని అధ్యాయం గాదు గదా అన్నా" అన్నాడట, నెమ్మదిగానే. నిజమే. ఆ ఒక్క మాట చుట్టూ ఇల్లు కట్టడం ఆమెకే వచ్చు. నేను కూర్చుని రాసి చూశాను. నేను రాస్తే ఆ పిల్ల కదలదు, నాలాగే నిలబడుతుంది.

మా ఆయన ఫోను నిండిపోయి పాతవన్నీ తీసేశాడు. తలుపులు కూడా పోయాయి. ఆయనకు తెలియదు, తెలిస్తే తీసేవాడు కాదు. ఇప్పుడు సాయంత్రం నన్నెవరూ ఏమీ అడగరు. కూరేంటని అడుగుతారు. ఉన్న మనిషి పోతే ఏడుస్తారు, దినాలు చేస్తారు. గడప మీద నిలబడ్డ ఆ పిల్లకు ఏం చేయాలో నాకు తెలియడం లేదు. ఆమె చేతిలో చాయ్ ఎప్పుడో చల్లారిపోయింది.

ఇందులో పనికొచ్చేదేమైనా ఉంటే ఎక్కించుకోండి. తర్వాత ఈ కాగితాలు కాల్చేయండి, ఎవరికీ చూపించకండి. కాల్చేటప్పుడు పెద్దమ్మ ఇల్లు ఖాళీ చేయకముందే, ఆమె నీళ్ల పొయ్యిలోనే కాల్చండి. నేను గోడ ఇవతల బట్టలు తీస్తూ ఉంటాను. పొగ లేస్తే చూస్తాను.