మాల వేయని చలికాలం

కార్తీకం ఇంకా నాలుగు రోజులు ఉందనగా మిద్దె మీద మా ఆయన నల్ల పంచెలు ఆరేస్తున్నాను. ఏటా ఆ వారంలో చేసే పనే. ట్రంకు పెట్టెలోంచి తీసి, కలరా ఉండల వాసన పోయేదాకా రెండు నీళ్లలో జాడించి ఎండలో వేస్తాను. ఆయన మధ్యాహ్నం భోజనానికి వచ్చి, నేరుగా మెట్లెక్కి పైకొచ్చారు. తీగ మీది పంచె అంచు పట్టుకుని కాసేపు నిలబడ్డారు.

"ఇవి లోపల పెట్టేయి. ఈసారి మాల వేయడం లేదు," అన్నారు.

"నడుము నొప్పా?"

"నొప్పేం లేదు. మనిద్దరం యాడికన్నా పోదాం. హైదరాబాద్ అవతల ఒక రిసార్టుంది. నీళ్ల ఆటలు, జారుడుబండలు, రైలు బండ్లు, అన్నీ ఉంటాయి. రెండు రాత్రులు ఉండి వద్దాం."

నా చేతిలోని పంచెలోంచి నీళ్లు కారి పాదాల మీద పడుతున్నాయి. పిండాలన్న సంగతి తోచలేదు. ఆయన కిందికి దిగిపోయారు. కిందికెళ్లి అన్నం పెట్టడానికి కూడా నాకు చాలాసేపు పట్టింది.

మాకు పిల్లలు లేరు. పెళ్లయ్యాక ఐదేళ్లు చూసి, ఆరో ఏడు పిల్లల కోసం ఆయన మొదటి మాల వేశారు. అప్పటి నుంచి ఏ చలికాలమూ తప్పలేదు. చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం, ముందు గదిలో చాప మీద పడక. దీక్షలో ఉన్నన్నాళ్లూ నేను ఆయన్ని 'స్వామీ' అనే పిలుస్తాను. పోయిన ఏటితో పదిహేడు మాలలయ్యాయి. పద్దెనిమిదో మాల అంటే కొబ్బరి మొక్కను కొండకు మోసుకుపోయే మాల, గురుస్వామి అయ్యే మాల. ఊళ్లో ఎవరిని అడిగినా చెప్పే సంగతి.

నేను చదివింది ఏడో తరగతి. లెక్క మాత్రం దుకాణంలో నాకు నేనే నేర్చుకున్నాను. మార్కాపురంలో మాది పలకరాయి దుకాణం. గచ్చుకూ గోడలకూ వేసే నల్లరాయి అమ్ముతాం. గది పొడవూ వెడల్పూ చెబితే ఎన్ని అడుగుల రాయి పడుతుందో, లారీలో పగిలేది కూడా కలిపి అక్కడికక్కడే చెప్పేస్తాను. పేషెంటు ఎవరైనా గుంటూరు ఆసుపత్రి నుంచి వస్తే, నయమయ్యేది నూటికి ఎన్ని వంతులని డాక్టరు చెప్పాడో విడమర్చి చెప్పమని నా దగ్గరికే వస్తారు. అలాంటి నాకు పదిహేడు దగ్గర మనిషి ఎలా ఆగుతాడో అర్థం కాలేదు. పదీ అయితే సరే, పన్నెండూ సరే. పదిహేడు దగ్గర ఎవరూ ఆగరు.

జిల్లాను కొత్తగా విడగొట్టిన మరుసటి ఏడు జరిగిందిది.

రిసార్టు మాట ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ సాయంత్రం చెప్పారు. ఎండాకాలంలో అక్కడికి మన రాయి లోడు వెళ్లిందట, నీళ్ల కొలనుల చుట్టూ నడిచే దారికి. తడి కాలు జారకుండా మన రాయే బాగుంటుందని వేయించారట. లారీతో ఆయనా వెళ్లారు. అక్కడ మా వయసు మొగుడూ పెళ్లాలు రబ్బరు ట్యూబుల్లో పడుకుని కాలవలో తేలిపోతుంటే చూశారట.

"పిల్లలు లేకుండానా?" అని అడిగాను.

"ఉన్నారో లేదో నేను అడగలేదు. తేలుతా ఉండినారు. అంతే."

మా అత్త గోడకు ఆనుకుని వింటోంది. "చలిమంట వేసుకునే నెలలో నీళ్లలో దిగేదేంది నాయనా. ఎండల్లో పోగూడదా?" అంది. మాల మాట ఎత్తలేదు. పెద్దామె మనసు విరిగిపోయిందనుకున్నాను.

మూడో రోజు గురుస్వామి వచ్చారు. మా వీధి చివర ఉండే పెద్దాయన. ఆయన చేతి మీదుగానే మా ఆయన పదిహేడు మాలలూ వేసుకున్నారు. కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టారు.

"స్వామీ, కంభం నర్సరీలో మొక్క చెప్పొచ్చినా. పొట్టిదైనా ఏపుగా ఉంది."

"ఈసారి లేదు స్వామీ."

"లేదంటే? మైలేమన్నా వచ్చిందా?"

"మైల లేదు. మేమిద్దరం హైదరాబాద్ కాడ నీళ్ల పార్కుకు పోతున్నాం."

గురుస్వామి నా వైపు చూశారు. "ఏమ్మా, నువ్వన్నా చెప్పవా. పదిహేడు మెట్లెక్కి పద్దెనిమిదో మెట్టు కాడ కూలబడే మనిషిని యాడన్నా చూసినావా?"

"లేదు మామా," అన్నాను. నిజంగానే చూడలేదు.

"జారుడుబండ మీద అంత ఆశగా ఉంటే మునిసిపల్ పార్కులో ఉంది గదయ్యా. నేనే ఎనకుండి తోస్తా," అని లేచారు. కాఫీ తాగకుండా వెళ్లారు. ఆయన మా ఇంట్లో కాఫీ తాగకుండా వెళ్లడం అదే మొదలు.

నేను ఎదురు మాట్లాడే మనిషిని కాదు. ఎదురు చెప్పాలంటే లెక్క చెబుతాను. ఆ వారమంతా ఆ ప్రయాణం కుదరదని లెక్కలు చెబుతూ వచ్చాను. దోర్నాల దాటాక రాత్రి అడవి గేటు మూసేస్తారు. తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నం భోజనం చేసి బయల్దేరితే ఘాటు రోడ్డు దిగేసరికి చీకటి, గేటు దగ్గర కారులో పడుకోవాలి. ఆయన భోజనం దారిలో చేద్దామన్నారు. నా మోకాలితో ఆ జారుడుబండల మెట్లన్నీ ఎక్కలేనన్నాను. లిఫ్టుందన్నారు. చివరికి రిసార్టుకు నేనే ఫోను చేశాను, ఏదో ఒక సాకు దొరక్కపోతుందా అని.

దొరికింది. చీర కట్టుకుని నీళ్లలో దిగనివ్వరట.

"నైలాన్ డ్రెస్ తప్పనిసరి మేడమ్," అంది ఫోనులో అమ్మాయి. "మీ దగ్గర లేకపోతే ఇక్కడ అద్దెకు ఇస్తాం. మోకాళ్ల వరకు ఉంటుంది."

"మోకాళ్ల పైకా, కిందికా?"

"మోకాళ్ల వరకు మేడమ్."

ఫోను పెట్టేసి ఆయనకు ఆ మాటే చెప్పాను. నలభై ఏళ్లు దాటిన ఆడమనిషి, ఇంకొకరు తొడిగి విడిచిన గుడ్డ తొడుక్కుని మోకాళ్లు కనబడేలా నలుగురిలో నిలబడాలా అన్నాను. ఆయన, "కొత్తది కొందాం. ఒంగోలులో దొరుకుతాయంట," అన్నారు. కనుక్కుని ఉన్నారన్నమాట.

ఇక మిగిలింది ఒకటే. మర్నాడు దుకాణంలో ఎవరూ లేనప్పుడు చెప్పాను.

"ఇప్పటికీ మించిపోలేదు. మాల వేయండి. జ్యోతి చూసి వచ్చినాక పోదాం. అప్పుడూ చలే గదా. నైలాన్ డ్రెస్సన్నా వేసుకుంటా."

ఆయన కోసిన రాళ్లను నిలువుగా పేరుస్తున్నారు. చేతిలోని రాయిని పక్కన ఆనించి నా ఎదురుగా కూర్చున్నారు.

"పోయినేడు మెట్లెక్కినా. స్వామిని చూసినా. దిగి పంబ కాడ కాళ్లు కడుక్కుంటా ఉంటే గుర్తొచ్చింది, అడగలేదని."

"ఏం అడగలేదు?"

"అదే."

"మరేం అడిగినారు?"

"అమ్మ కంటి ఆపరేషను. నీ మోకాలు. ఈ రాళ్లు కోసే మిషను బెల్టు మాటిమాటికీ తెగకుండా ఉండాలని."

"మిషను బెల్టు గుర్తొచ్చిందా?"

"వచ్చింది. ఇదొక్కటే రాలేదు."

"మర్చిపోయినారా, వద్దనుకున్నారా?"

"వద్దనుకుని ఉంటే బాధన్నా ఉండేది. మర్చిపోయినా. మళ్లీ ఎక్కి అడగాలని గూడా అనిపించలేదు. నీకెట్ల చెప్పాలో తెలీక ఏడాది ఊరుకున్నా." ఆయన చేతుల మీది రాతి పొడి దులుపుకున్నారు. "ఏమీ కావాలని లేకుండా, కావాలన్నట్టు మాలేసుకోని తిరగలేను. అది ఆ స్వామికి అబద్ధం చెప్పినట్టే. నీకూ చెప్పినట్టే."

అప్పుడే ఒకతను వచ్చాడు. తర్లుపాడులో ఇల్లు కట్టుకుంటున్నాడట. హాలు పన్నెండు పద్నాలుగు, ఎంత రాయి పడుతుందని అడిగాడు. పన్నెండు పద్నాలుగు. రోజుకు నాలుగుసార్లు చెప్పే లెక్క. నా తలలో ఏమీ కదల్లేదు. అతని మొహం వైపు చూస్తూ ఉండిపోయాను.

"ఏందక్కా, నీ లెక్క నోట్లోనే ఉంటుందని చెప్పి పంపించినారు నన్ను," అన్నాడు.

మా ఆయన కాలిక్యులేటరు తీసి చెప్పారు.

ఇంటికి వచ్చాక అత్త పక్కన కూర్చున్నాను. వరండాలో చేట పెట్టుకుని పచ్చి కందికాయలు ఒలుస్తోంది. ఆ పదిహేడేళ్లూ ఆయన బయల్దేరే ముందు ఇరుముడిలోకి ఒక ముడుపు కట్టి ఇచ్చేది ఆమే. రూపాయి బిళ్లను పసుపు గుడ్డలో మూటకట్టి, కళ్లకద్దుకుని, నా చేత కూడా ముట్టించి ఇస్తుంది. ఈ దెబ్బ ఆమెకు ఎలా తగిలిందోనని నాకు దిగులు.

"అత్తా, మీ కొడుకు మాల వేయరంట."

"విన్నాను గదా."

"మీరేమీ అనరా?"

"ఏమనాలి?"

"పద్దెనిమిదోది గదా. మీరు మొక్కుకున్నారు గదా."

అత్త ఒక కాయ ఒలిచి గింజలు చేటలో వేసింది. "నేను దేవుణ్ని అడగడం మానేసి చానా ఏండ్లయింది మ్మే," అంది.

నాకు సరిగా వినపడలేదేమో అనుకున్నాను. "ఏటా ముడుపు కట్టినారు. పోయినేడు గూడా."

"నువ్వు చూస్తా ఉంటివి గదా. నువ్వట్ల చూస్తా ఉంటే కట్టకుండా ఎట్ల ఉండేది?"

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఇంకో కాయ తీసుకుంది. వీధిలో పాలవాడు వచ్చి పిలిచి, ఎవరూ లేవకపోయేసరికి పక్కింటికి వెళ్లాడు.

ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురం. మాకు పిల్లలు పుట్టేది నూటికి ఎన్ని వంతులని డాక్టర్లు చెప్పారో, దాని అర్థం ముందుగా తెలిసింది నాకు. వయసు గడిచే కొద్దీ ఆ వంతు ఎలా తరిగిపోతుందో ఎవరూ చెప్పకుండానే వేసుకున్నది నేను. రెండేళ్ల కిందట నెలసరి ఆగిపోయి, నా ఒళ్లే ఆ లెక్కను పూర్తిగా మూసేసింది. అయినా ఆయన చాప తీసి ముందు గదిలో పరుచుకున్న ప్రతి చలికాలమూ, ఇంకా ఏదో ఉందనే అనుకున్నాను. వాళ్లిద్దరి ఆశ నా మీద బరువుగా ఉందని, వాళ్ల కోసం మోస్తున్నానని అనుకున్నాను. మోస్తున్నది నేనొక్కదాన్నే. వాళ్లిద్దరూ ఎప్పుడో దించేసి, నేను దించేదాకా చప్పుడు చేయకుండా నా వెంట నడుస్తున్నారు.

ఏడుపు రాలేదు. మా అత్త చేటలోంచి పిడికెడు కాయలు తీసుకుని నేనూ ఒలిచాను. అవి అయిపోయాక ఫోను తీశాను.

అదే అమ్మాయి పలికింది. మార్గశిరంలో ఒక తేదీ చెప్పాను. దీక్ష నడిచే రోజుల నట్టనడుమ వచ్చే తేదీ అది. ఎంతమంది అని అడిగింది. ఇద్దరమన్నాను. పిల్లలున్నారా అంది. లేరన్నాను. ఆమె టకటకా ఏదో కొట్టుకుంటోంది. లేరన్న మాట అనడానికి నేను అనుకున్నంత సేపు పట్టలేదు.

"మేడమ్, గదిలో పెద్ద మంచం ఒకటే కావాలా, విడివిడిగా రెండు కావాలా?"

ఎదురుగా అత్త ఉంది. దుకాణం నుంచి అప్పుడే వచ్చిన ఆయన కొళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటూ ఆగిపోయారు. నాకు చెంపలు వేడెక్కాయి. చలికాలంలో మా ఇంట్లో ఎన్నడూ పుట్టని ప్రశ్న.

"ఒకటే," అన్నాను.

"వినపడలేదు మేడమ్?"

"ఒకటే చాలమ్మా."

వీధిలోకి వినపడేలా అన్నాను. అంత గట్టిగా ఎలా వచ్చిందో నాకే తెలియదు. అత్త చేట మీంచి తలెత్తలేదు.

"దుప్పట్లు మందంగా ఉంటాయేమో అడుగు," అంది. "ఆ పక్కన మనకంటే ఎక్కువ చలి."

అడిగాను.