లక్ష్మివారం వేసుకున్న ఇన్సులిన్

ఆ ఉదయం ఇడ్లీ బండి దగ్గరకు చట్నీ గిన్నె మోసుకెళ్తుంటే కోడలు సత్యవతి వెనక నుంచి పిలిచింది.

"అత్తా, నేల మీద రగతం ఎవల్ది?"

అది నాదే. మడమలో గాజు పెంకు దిగి ఉంది. నొప్పి లేదు కదా అని సంతోషించాను. నొప్పి తెలియకపోవడమే రోగమని అప్పటికి తెలియదు.

మల్కాపురంలో మా సందు చివర మందుల షాపులో కట్టు కట్టించుకుని వ్యాపారం చేసుకుంటూనే ఉన్నాను. పుండు మానలేదు, వాసన మొదలైంది. పెద్ద ఆసుపత్రిలో రక్తం తీసి చూస్తే షుగర్ నాలుగు వందలు దాటింది. ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారని డాక్టరుగారు అడిగారు. ఇడ్లీలు అమ్ముతున్నానని చెప్పాను. ఆయన నవ్వలేదు. డ్రెస్సింగులు, యాంటీబయాటిక్స్, రెండు పూటలా ఇన్సులిన్. కాలు దక్కింది. అందుకు ఆయనకు దణ్ణం పెట్టాను.

డిశ్చార్జ్ రోజు నర్సు దివ్య వచ్చింది. చిన్నపిల్ల, మంచిదే. వార్డు మొత్తానికి ఆమె ఒక్కతే.

"పిన్నీ, పొద్దున్న, రాత్రి ఇరవై యూనిట్లు. ఏం జరిగినా ఇంజెక్షన్ మానకూడదు. అర్థమైందా?"

అయిందన్నాను. అప్పటికే తర్వాతి పేషెంట్ వాళ్లు నా మంచం మీద సంచి పెట్టేశారు. చేతికిచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది. యాభై దాటాక మా వీధి టీచరమ్మ దగ్గర అక్షరాలు దిద్దుకున్నదాన్ని. నాకొచ్చిన అక్షరం ఒక్కటీ అందులో లేదు.

మార్గశిరం వచ్చింది. మా ఆడవాళ్లకు ఆ నెల లక్ష్మివారాలంటే ఏమిటో విశాఖలో ఎవరికీ చెప్పక్కర్లేదు. అమ్మవారి దర్శనం అయ్యేదాకా మా ఇంట్లో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టం. మానకూడదన్న మాట మనసులో పెట్టుకుని, ఇంజెక్షన్ వేసుకుని వెళ్లి క్యూలో నిలబడ్డాను. చెమటలు పట్టాయి. ముందున్నావిడ జడలో పూలు రెండుగా కనిపించాయి. మెట్టు మీద పడ్డానని, కుడి మణికట్టు విరిగిందని తర్వాత తెలిసింది.

తిండి తినకుండా ఇన్సులిన్ ఎవరు వేసుకోమన్నారని క్యాజువాలిటీ డాక్టరు కోప్పడ్డారు.

"మానకూడదన్నారని ఏసుకున్నాను బాబూ. ఉపాసం ఉంటావేటని నన్నెవలూ అడగనేదు."

ఆయన పక్కనున్న ఆయనతో ఇంగ్లీషులో ఏదో అన్నారు. అందులో ఇల్లిటరేట్ అన్న మాట నాకు తెలిసిందే.

నేను పిండికట్టుతో వార్డులో ఉండగానే నర్సులకు శిక్షణ పెట్టారు, షుగర్ పేషెంట్‌ను ఇంటికి పంపేముందు ఎలా చెప్పాలో నేర్పడానికి. నేర్పే మేడమ్ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి జరిగింది చెప్పించింది. "అర్థమైందా అని అడక్కండి. రేపు ఏం చేస్తారో వాళ్ల నోటితోనే చెప్పించండి. ఏ రోజు తినరో కూడా అడగండి" అని, దివ్య చేత నన్నే అడిగించింది. దివ్య ఎంత ఓపిగ్గా అడిగిందో. ఫోటోలు తీసుకున్నారు. అందరికీ టీ, బిస్కెట్లు ఇచ్చారు. షుగర్ కదా, నాకివ్వలేదు.

ఆ వారంలోనే నా డిశ్చార్జ్. దివ్య పరుగున వచ్చి మందుల సంచి ఒళ్లో పెట్టింది.

"మీకు చెప్పేదేముంది పిన్నీ, మాకు పాఠం చెప్పిందే మీరు."

మంచం పక్కన మళ్లీ ఎవరిదో సంచి. లేవమ్మా అని వాళ్లు గొణుగుతున్నారు. నేను దిగలేదు. దివ్య చెయ్యి పట్టుకున్నాను.

"నాను సెప్తాను, ఇను. పొద్దున్న ఇరవై ఏసుకుని టిఫిన్ తింతాను."

ఆ పిల్ల గబగబా సంచిలోంచి డిశ్చార్జ్ కాగితం తీసి చూసింది. "ఇరవై కాదు పిన్నీ. పన్నెండుకి తగ్గించారు."

ఆ సంగతి కాగితంలో రాశారట. ఇంగ్లీషులో.

ఇప్పుడు బండి సత్యవతే నడుపుతోంది. నా మణికట్టు వంకరగా అతుక్కుంది, గరిటె నిలవదు. ఈ నాలుగు ముక్కలూ ఆగి ఆగి రాశాను. షుగర్ అదుపులో ఉంది. లక్ష్మివారం తిని వెళ్తున్నాను. అమ్మవారు ఏమీ అనలేదు, అనేవాళ్లంతా క్యూలోనే ఉన్నారు.

ఒక్కటి చెప్తాను. ఇంటికి వెళ్లే రోజు, రేపు ఎంత మందు వేసుకుంటారో, ఎప్పుడు తింటారో, ఏ రోజు తినరో నర్సుకు మీరే చెప్పండి. ఆమె అవునన్నాకే మంచం దిగండి. పక్కన ఎవరి సంచి కాచుకుని ఉన్నా సరే.