తిరుత్తణికి సముద్రం వచ్చిన రోజు

మనిషన్నాక తప్పుదారి పట్టడం సహజం. బస్సు తప్పు ఎక్కినవాడు దిగి ఇంకో బస్సు ఎక్కుతాడు. నేను మాత్రం విమానంతో సహా తప్పిపోయి, ఒక్క పూటలో ప్రభుత్వానికి ముద్దాయినీ, మా మామకు నవ్వులపాటునూ అయ్యాను. నవ్వాలనుకునేవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టండి, తర్వాత తీరిక దొరకదు.

డెబ్భైల చివరి మాట. అంబత్తూరులో ఉద్యోగం, ఆదివారాలు మద్రాసులో ఒక క్లబ్బులో చిన్న విమానం నడపడం నేర్చుకోవడం. లైసెన్సు చేతికొచ్చిన రోజు నుంచి నేల మీద నడిచేవాళ్లందరూ నాకు చీమల్లా కనిపించసాగారు. ఒక్క వసంత తప్ప. వసంత మా జయరామ మామ కూతురు. తిరుత్తణి పక్కన చెరుకు పండించే మామ మాత్రం ఒకటే మాట మీద ఉన్నాడు.

"గాల్లో తిరిగేవాడికి పిల్లనిచ్చి, నేను ఆకాశం పక్క చూస్తా కూచోవల్లనా? పోరా రత్నం!"

"ఒక్కసారి ఎక్కి చూడు మామా. మీ ఇంటి మీదుగా తిప్పి తెస్తా."

"సరి. నా మిద్దె నాకు పైనుంచి చూపించు. ఆమీద మాట్లాడదాం."

అలా ఒక ఆదివారం ఉదయం మామ మీనంబాకం వచ్చాడు. చేతిలో ఒక గుడ్డసంచి. అందులో తమలపాకులు, వక్కలు, సున్నం డబ్బీ, అడకత్తెర. అక్కడ తిరుత్తణిలో వసంత మిద్దెక్కి ఎదురుచూస్తోంది.

నా పథకం పసిపిల్లలకైనా అర్థమయ్యేది. మద్రాసు నుంచి ఒక రైలు పట్టా తిరువళ్లూరు మీదుగా తిరుత్తణి వైపు పోతుంది. దాన్ని పట్టుకుని పోతే చాలు. ఇంకో పట్టా మింజూరు, కవరైపేట్టై మీదుగా గూడూరికి పోతుంది. దాన్ని పట్టుకోకూడదు. ఆ ఉదయం మంచు కొంచెం పట్టింది. కింద పట్టా ఒకటి కనిపించింది. అయితే అదే! దిక్సూచి కూడా పడమర చూపిస్తోంది. ఇంకేం కావాలి? సూర్యుడు కుడిచేతి పక్క ఎందుకున్నాడని మీరు అడగొచ్చు. దయచేసి అడగకండి.

ఇంతలో రేడియో గరగరమంది.

"అది ఆపురా, చెవిలో చీమ దూరినట్టుండాది" అన్నాడు మామ.

కాబోయే మామగారి చెవికన్నా రేడియో ఎక్కువా? గొంతు తగ్గించేశాను.

కాసేపటికి కుడివైపు పెద్ద చెరువులా నీళ్లు మెరిశాయి. "అదిగో మామా, పూండి ఏరి! తిరువళ్లూరు దాటేశాం" అని విమానాన్ని అటు తిప్పాను, దగ్గరగా చూపిద్దామని.

మామ అద్దానికి ముక్కు ఆనించాడు. "ఇంత పెద్దదా?"

"ఈసారి వానలు బాగా పడినాయి గదా."

"పూండి ఏరిలో తెరచాప పడవలు యాడివిరా?"

"చేపలు పట్టేవాళ్లు మామా."

"అవతల గట్టే కనబళ్లేదే! అల చూడు, అల!" మామ నా వైపు తిరిగాడు. "ఒరే రత్నం, తిరుత్తణికి సముద్రం ఎప్పుడొచ్చిందిరా?"

మామకు నోరెండిపోయినట్టుంది, వక్క కత్తిరిద్దామని ఎక్కగానే ఎదురుగా దిక్సూచి పక్కన పెట్టుకున్న అడకత్తెర చేతిలోకి తీసుకున్నాడు. వెంటనే దిక్సూచి ముల్లు, నిద్రలో ఉలిక్కిపడ్డ మనిషిలా గిర్రున తిరిగి, తూర్పు చూపించింది. పావు గంటగా ఆ ఇనప ముక్క పక్కన కూచుని దిక్సూచి నాకు పచ్చి అబద్ధం చెబుతోంది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆ క్షణంలో నాకు వక్కకన్నా బాగా తెలిసింది.

రేడియో గొంతు పెంచాను. మీనంబాకం వాళ్లు ఎన్నిసార్లు పిలిచి విసిగిపోయారో, అవతలి గొంతు బొంగురుపోయి ఉంది. "వెంటనే వెనక్కి తిరుగు! నువ్వున్నది నిషేధిత ప్రాంతం!"

నిషేధితమే మరి. మా కింద పళవేర్కాడు ఉప్పునీటి సరస్సు. దానికి అవతల రాకెట్లు ఎగరేసే దీవి.

"ఏమంటాడురా?"

"వెనక్కి రమ్మంటున్నారు మామా."

"తాగేదానికి కాపీ ఇస్తారా?"

కాపీ ఇవ్వలేదు. మీనంబాకంలో దిగగానే జీపు వచ్చి మమ్మల్ని ఒక ఆఫీసుకు తీసుకుపోయింది. బల్ల వెనక ఒక అధికారి, నవ్వడం ఉద్యోగ నిబంధనలకు విరుద్ధం అన్నట్టున్న ముఖం. మామ సంచి బోర్లించారు. అధికారి అడకత్తెరను రుమాలుతో ఎత్తి పట్టుకున్నాడు.

"ఇదేం పరికరం?" అని తమిళంలో అడిగాడు.

మామ లేచి, దాన్ని అందుకుని, ఒక వక్క టక్కున కత్తిరించి, ఆకుకు సున్నం రాసి ఆయన చేతిలో పెట్టాడు. అధికారి తినలేదు గాని పారెయ్యనూ లేదు.

ఆయన నా వైపు తిరిగాడు. "రాకెట్ల చోటు చూసి రమ్మని నిన్ను పంపించిందెవరు?"

వసంత, లైసెన్సు, ఉద్యోగం, మూడూ కళ్ల ముందు వరసగా ఎగిరిపోతున్నాయి. అప్పుడు మామ బల్ల మీద చెయ్యేసి తమిళంలోనే మొదలుపెట్టాడు.

"ఈడు వేగులవాడా సార్? పుట్టిన తాలూకా తోవే కనుక్కోలేనోడు పరదేశానికి ఏం తోవ చెప్తాడు? ఈణ్ణి నమ్ముకున్న శత్రువు సముద్రంలో పడి చస్తాడు!"

"నువ్వెవరు ఇతనికి?"

మామ ఒక్క క్షణం నన్ను ఎగాదిగా చూశాడు. "మామను సార్. ఈడు మా ఇంటికి కాబోయే అల్లుడు."

అధికారి మొదటిసారి మామ వైపు జాలిగా చూశాడు. చివాట్లు పెట్టి, ఆ లైసెన్సు కొన్నాళ్లు తమ దగ్గరే ఉంటుందని చెప్పి పంపించేశాడు. నేను సంతోషంతో తల ఊపుతుంటే, బెదిరింపు సరిగ్గా వినలేదేమోనని ఇంకోసారి చెప్పాడు.

బయటికొచ్చాక మామ చెయ్యి పట్టుకున్నాను. "మామా, లోపల అన్న మాట నిజమేనా?"

"సర్కారోళ్ల ముందర నోరు జారినానురా. ఇప్పుడు పిల్లనియ్యకపోతే అది అబద్ధమై, నన్నూ లోపలేస్తారు. ఇంకేం చేసేది?"

మధ్యాహ్నం దాకా మిద్దె మీద నిలబడ్డ వసంత ఒక గద్దకు చెయ్యి ఊపి, మేమే అనుకుని దిగిపోయిందట. పెళ్లికి మామ నన్ను రైల్లో రమ్మన్నాడు. ఎక్కాల్సిన రైలు చూపించడానికి ఒక మనిషిని కూడా పంపాడు.

కాబట్టి, తిరుత్తణి మురుగన్ సాక్షిగా, సకల జనుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను: పిల్లనడగడానికి ఇక ఈ జన్మలో విమానంలో వెళ్లను. ఈ ప్రమాణం నేను తప్పకుండా వసంత నలభై ఏళ్లకు పైగా స్వయంగా కాపలా కాస్తోంది.