వంకర అంచు గౌను

మా రెడీమేడ్ బట్టల కార్ఖానాలో ఆవిడను అందరూ స్కేలక్క అనేవాళ్లు. వయసు యాభై ఏడు. కుట్టిన ప్రతి గౌనూ ఆవిడ బల్ల మీదుగానే నా ఇస్త్రీ బల్లకు రావాలి. గౌనును నిలువుగా మధ్యకు మడిచి, పక్క కుట్లు రెండూ కలిపి, కింద అంచులు ఒకదానికొకటి తగిలాయా లేదా అని చూసేది. తగలకపోతే చెక్క స్కేలు తీసేది. ఇరవై రెండేళ్లుగా అదే పని.

చిన్నప్పుడు ఎక్కడి నుంచో పడి తుంటి విరిగిందట. ఎముక సరిగ్గా అతకలేదు. ఎడమ కాలు కొంచెం పొట్టి. నడిస్తే ఎడమ వైపు ఒరిగేది. ఏ గౌను వేసుకున్నా ఎడమ అంచు నేలను చూసేది, కుడి అంచు పైకి లేచేది. తన గౌన్లు తనే ఒక పక్క పొడుగు కత్తిరించి కుట్టుకునేది. నిలబడితే సమానంగా ఉండేవి. నడిస్తే మళ్లీ మామూలే.

ఆవిడకు ఒక అలవాటు ఉంది. అంచు అరంగుళం తేడా వస్తే, కుట్టిన మనిషికి తిప్పి పంపేది కాదు. పంపితే సూపర్‌వైజరు పుస్తకంలో రాస్తాడు, ఆ మనిషి నలుగురిలో మాట పడాలి. అందుకని సుద్దతో గీత గీసి, కత్తిరించి, పక్క మిషన్ మీద తనే మడిచి కుట్టేసేది. ఈ సంగతి కుట్టేవాళ్లందరికీ తెలుసు. యజమానికి తెలియదు.

ఒక మంగళవారం కొత్త ఆర్డరు గౌన్లు బల్ల మీదకు వచ్చాయి. ముదురు గోధుమ రంగు, పెద్ద సైజులు, యాభై దాటిన ఆడవాళ్ల కోసం. మొత్తం ఎనభై. మొదటి కట్టలో ఇరవై నాలుగు. ఆవిడ ఒకటి మడిచి చూసింది. ఒక పక్క అంచు ఇంకో పక్క కంటే మూరెడు కిందికి వేలాడుతోంది. రెండోది చూసింది, అంతే. మూడోదీ అంతే.

"కొత్తగా చేరిందే, ఇద్దరు పిల్లల తల్లి, ఆవిడ కట్టే కదూ ఇది?" అంది నాతో.

"ఆవిడదే."

"పాపం, మొదటి ముక్క తప్పు కుట్టి, దాన్నే చూసి మిగతావన్నీ కుట్టేసింది. చేరి వారం కాలేదు. ఇది తెలిస్తే ఇంటికి పంపేస్తారు."

మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. ఇరవై నాలుగు గౌన్లూ పొట్టి వైపుకు సమానం చేసి కత్తిరించి, మడిచి కుట్టింది. నేను ఇస్త్రీ చేశాను. ఇస్త్రీ వాడికి ముడత కనబడుతుంది గానీ వంకర కనబడదు.

సాయంత్రం యజమాని వచ్చాడు. గౌన్లు చూశాడు. తర్వాత రెండో కట్ట మీద పిన్ను గుచ్చిన బొమ్మ కాగితం తీసి చూశాడు. మళ్లీ గౌన్లు చూశాడు.

"ఏంటిది?"

"అంచు సరిచేశానండి."

"ఎవరు చెయ్యమన్నారు?"

"ఎవరూ అనలేదు. మూరెడు వంకర వస్తే ఎట్లా పంపుతాం..."

"వంకరగా కుట్టమనే కదమ్మా ఆర్డరు!" కాగితం ఆవిడ ముందు పడేశాడు. బొమ్మలో గౌను అంచు ఒక పక్క మోకాలి దగ్గర, ఇంకో పక్క మడమ దగ్గర ఉంది. కాగితం మొదటి కట్ట మీద ఉండాలి. ఎవరో రెండో దానికి గుచ్చారు.

కొత్త మనిషి మిషన్ ఆపి ఇటే చూస్తోంది. స్కేలక్క ఆవిడ పేరు ఎత్తలేదు.

"శుక్రవారం ఈ బొమ్మ గీసిచ్చి, గౌన్లు కొనే మేడం వస్తారు. ఆవిడకు ఏం చెప్పుకోవాలో నాకు తెలియడం లేదు. నువ్వు మాత్రం సోమవారం నుంచి ప్యాకింగ్‌కి వెళ్లు. ఈ బల్ల వేరేవాళ్లకిస్తా."

ప్యాకింగ్ అంటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడాలి. పెట్టెలు మోసుకుని మేడ మీది గోడౌనుకు ఎక్కాలి. రెండేళ్ల కిందట మనిషి లేక ఆవిడను రెండు రోజులు అక్కడ పెడితే వారం మంచం దిగలేదు. ప్యాకింగ్‌కి పంపడమంటే ఇంటికి పంపడమే. ఆ మాట యజమానికీ తెలుసు.

ఆవిడ బతిమాలలేదు. పాడుకాని గౌను ఒకటి ఇంటికి తీసుకెళ్తానని అడిగింది. ఆయన చెయ్యి ఊపాడు. పొమ్మన్నాడో తీసుకోమన్నాడో ఆవిడే అర్థం చేసుకుంది.

మేము ఉండే ఇంట్లోనే పై వాటా రెండు గదులు ఆవిడవి. చనిపోయిన భర్త చెల్లెలు కూడా అక్కడే ఉంటుంది. ఆవిడకూ భర్త లేడు. ఇద్దరూ పొద్దున్నే పోట్లాడుకుంటారు, సాయంత్రం ఒకే కంచం ముందు కూర్చుంటారు. బుధవారం పని నుంచి రాగానే స్కేలక్క, గౌనుకు ఇస్త్రీ పట్టాలని నన్ను పైకి పిలిచింది. నేను వెళ్లేసరికి స్కేలక్క ఆ గౌను వేసుకుని బీరువా అద్దం ముందు ఉంది. ఆడపడుచు మంచం మీద కూర్చుని నవ్వుతోంది.

"ఏం వదినా, సగం కుట్టేసరికి దారం అయిపోయిందా?"

"నోరు మూసుకుని వెనకాల ఎట్లా ఉందో చెప్పవే."

"వెనకాల బాగానే ఉంది. ముందు వైపే చూడు, కాటికి కాళ్లు చాపుకున్న వయసులో మోకాళ్లు చూపించే మోజు పుట్టింది నీకు."

"ఎక్కడే కనబడుతోంది మోకాలు?"

"కూర్చో, తెలుస్తుంది."

కుర్చీలో కూర్చుంది. పొట్టి అంచు పైకి జరిగి మోకాలు బయటపడింది. స్కేలక్క మొహం ముడుచుకుంది. లేచి బయటికొచ్చి నాలుగు మెట్లు దిగి ఎక్కింది. ఎక్కేటప్పుడు పొడుగు వైపు మొన చెప్పు కింద పడింది. గోడ పట్టుకోకపోతే బోర్లా పడేదే.

"ఈ బొమ్మ గీసినావిడ ఎప్పుడూ మెట్లు ఎక్కినట్టు లేదు," అంది.

లోపలికెళ్లి గౌను మార్చుకుని వచ్చింది. పొట్టి వైపు లోపల రెండంగుళాల మడత ఉంది. విప్పి కిందికి దించింది. పొడుగు మొనను మూడు వేళ్లు పైకి మడిచింది. సూదితో చేత్తో టాకాలు వేసింది, నేను ఇస్త్రీ పట్టాను. మళ్లీ వేసుకుంది. ఇప్పుడు పొట్టి అంచు మోకాలి కింద, పిక్క మొదలయ్యే చోట ఆగింది. పొడుగు మొన చీలమండకు పైనే ఉంది. నడుముకు బెల్టు పెట్టి చూసింది, తీసేసింది. పూసల దండ వేసి చూసింది, అదీ తీసేసింది. మడమ లేని నల్ల చెప్పులు వేసుకుని గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది.

ఆడపడుచు నవ్వు ఆపింది.

"మళ్లీ నడువు వదినా."

నడిచింది.

"నీ కుంటు ఎక్కడికి పోయింది?"

కుంటు ఎక్కడికీ పోలేదు. అంచే ఏటవాలుగా ఉంటే, మనిషి ఒరిగేది కంటికి ఆనడం లేదు. స్కేలక్క అద్దం ముందు చాలాసేపు పక్కకు తిరిగి నిలబడింది.

శుక్రవారం కొనే మేడం వచ్చింది. ఆవిడకూ అరవై దగ్గర ఉంటాయి. యజమాని గౌన్లను హ్యాంగర్లకు తగిలించి వరసగా పెట్టాడు. హ్యాంగర్ మీద అవి దండెం మీద ఆరేసిన తడి బట్టల్లా ఉన్నాయి. మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"కాగితం మీద బాగుంది. ఇదేంటి, చింపినట్టుంది?"

స్కేలక్క చెకింగ్ బల్ల వెనక నుంచి వచ్చింది. ఆ గౌను వేసుకునే ఉంది.

"హ్యాంగర్‌కి మోకాళ్లుండవు మేడం. ఇటు చూడండి."

యజమాని పళ్లు బిగించాడు. మేడం మాత్రం నడవమంది. బల్లల మధ్య నడిచింది. కూర్చోమంది, కూర్చుంది. మేడం వంగి అంచు పట్టుకుని చూసింది.

"ఇది నేనిచ్చిన కొలత కాదు."

"కాదండి. మీ కొలతకు కుడితే కూర్చున్నప్పుడు మోకాలు పైకొస్తుంది, మెట్ల మీద మొన కాలికింద పడుతుంది. ఇరవై ఏళ్ల పిల్లయితే లాక్కుంటూ పోతుంది. మన వయసుకు మాటిమాటికీ లాక్కోవడం ఏం బాగుంటుంది? గౌను సంగతి మర్చిపోయి నడిస్తేనే అందం."

"ఇంకొంచెం కిందికి దించితే?"

"దించొద్దండి. పిక్క బాగా లావుగా ఉన్న చోట అంచు ఆగితే కాలు స్తంభంలా కనబడుతుంది. దానికి పైన ఆగాలి."

మేడం తన కాలి వైపు ఒకసారి చూసుకుంది. మిగతావన్నీ ఇదే కొలతకు మార్చమంది. తర్వాత పక్కన పెట్టిన ఇరవై నాలుగు చూపించి అవేంటని అడిగింది. యజమాని నోరు తెరిచేలోపు స్కేలక్కే చెప్పింది.

"అవి నేను పాడుచేశాను మేడం. తప్పు కుట్టారనుకుని సమానం చేశాను."

"ఇవి మామూలు గౌన్లు. నాకొద్దు," అంది మేడం.

ఆ ఇరవై నాలుగూ మిగిలిపోయాయి కాబట్టి యజమాని మాట మార్చలేదు. సోమవారం స్కేలక్క ప్యాకింగ్‌కి వెళ్లింది. బల్ల దగ్గర సూపర్‌వైజరు బావమరిది కూర్చున్నాడు. మూడు రోజులు పెట్టెలు మోసి, నాలుగో రోజు ఆవిడ రాలేదు. పైనుంచి మంచం కిర్రుమన్న చప్పుడు, ఆడపడుచు నూనె రాస్తూ తిట్టే తిట్లు కింద మాకు వినబడేవి.

పది రోజుల తర్వాత మేడం దగ్గర నుంచి యాభై రెండు గౌన్లు తిరిగొచ్చాయి. అంచులన్నీ కాగితం మీది కొత్త కొలతకు సరిగ్గానే ఉన్నాయి. కానీ ఎవరికీ వేసి చూడలేదు. పెద్ద సైజులో పొట్ట దగ్గర గుడ్డ ఎత్తుకుని, ముందు అంచు పైకి లేస్తోంది. బావమరిది స్కేలు పెట్టి చూపిస్తున్నాడు, సరిగ్గా ఉంది చూడండి అని.

మర్నాడు పొద్దున్నే యజమాని మా మెట్లెక్కాడు. నేను పనికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగాను.

"ఏమ్మా, నడుం ఎట్లా ఉంది?"

"మీరు పెట్టినట్టే ఉందండి."

"బల్ల దగ్గరకు వచ్చెయ్యి."

"వస్తాను. ప్రతి సైజులో ఒకటి మనిషికి వేసి, కూర్చోబెట్టి, నడిపించి చూశాకే మిగతావి కత్తిరించాలి. నిలువుటద్దం కావాలి. ప్రతి కట్టకూ బొమ్మ కాగితం ఉండాలి."

"అన్నీ అవుతాయి. ఇవాళే రా."

"ఇవాళ లేవలేను. ఎల్లుండి వస్తాను."

"ఎల్లుండంటే ఎట్లా..."

లోపలి నుంచి ఆడపడుచు గొంతు వినిపించింది. "ఎల్లుండన్నాక ఎల్లుండే! మెట్లు జాగ్రత్త, మూడోది ఊగుతుంది."

ఆయన గోడ పట్టుకుని దిగాడు. అన్న రోజున ఎనిమిదింటికి స్కేలక్క బల్ల దగ్గర ఉంది. అద్దం మాత్రం ఇంకో నెలకు గానీ రాలేదు.